మాసిందే వేసుకో, బంగారం

మార్తినే థియేటర్లో అద్దం మలుపుకి మంచి పేరు లేదు.

పారిస్‌లో పాత థియేటర్లు వేటికీ అంత మంచి పేరు ఉండదు లెండి. మా పనిలో భయాలు తక్కువా! వేదిక మీద తాడుని తాడు అనకూడదు. ఆకుపచ్చ బట్ట కట్టకూడదు. శుభం కలగాలని ఎవరైనా నోరు జారితే అపశకునం, అందుకని కాస్త బూతు కలిపి దీవించుకుంటాం. ఇవన్నీ నవ్వుతూ పాటించే మనుషులు కూడా అద్దం మలుపు దగ్గరకొచ్చేసరికి నవ్వడం మానేస్తారు.

కుట్టుపని గదులు పై అంతస్తులో ఉంటాయి. వేదికేమో కింది అంతస్తులో. మధ్యలో ఒక మెలికల మెట్లదారి. ఆ మెట్లు తిరిగే చోట గోడకి నిలువెత్తు అద్దం ఒకటి ఉంది. పాదరసం ఊడిపోయి మచ్చలు పడింది. వెనకటి రోజుల్లో నాట్యం చేసే ఆడపిల్లలు వేదిక ఎక్కేముందు అందులో ఆఖరిసారి చూసుకునేవారట. ఇప్పుడెవరూ చూసుకోరు. తలొంచుకుని, అద్దం వైపు తిరక్కుండా, ఒక్క మాట అనేసి దాటిపోతారు.

“మాసిందే వేసుకో, బంగారం.”

దీపాలవాళ్ళంటారు. టోపీలు కుట్టే అమ్మాయిలంటారు. పియానో మోసే మొరటు మనుషులు కూడా, ఆయాసపడుతూ, గొణిగేసి పోతారు.

ఎందుకంటే... అడుగుతుందట. అందరినీ కాదు. ఎప్పుడూ కాదు. ఆట మొదలయ్యే ముందు ఒంటరిగా దిగేవాళ్ళకి, చెవి పక్కనే, ఆడపిల్ల గొంతు — “ఏది వేసుకోమంటారు?” అని.

మాసిందే అంటే ఊరుకుంటుంది. ముందుగానే అనేస్తే అసలు అడగనే అడగదు. ఎవరా పిల్ల, ఏది మాసింది, ఎందుకు మాసింది... ఎవరికీ తెలియదు. మా ముందువాళ్ళు అన్నారు, మేమూ అంటున్నాం. వేరే జవాబు చెప్పినవాడికి ఏమైందో కూడా తెలియదు. అలా చెప్పినవాడు లేడని అనుకునేవాళ్ళం.

ఉన్నాడు. అతని పేరు తిబో లాసెర్.

తిబో దుస్తుల రూపకర్త. అంటే కుట్టడు. గీస్తాడు, కుట్టేవాళ్ళని తిడతాడు. యాభై దాటినవాడు. ముఖమల్ వెయిస్టుకోటు, దాని మీద వెండి గొలుసు గడియారం, మెడ పక్కకి తిప్పనివ్వని గట్టి కాలరు... ఈ వేషంతో, చేతికర్ర ఊపుకుంటూ, మెట్రో రైల్లో వచ్చేవాడు. మా వాళ్ళు వెనకాల, పాతకాలపు ప్రభువుల బిరుదుతో, “మార్కీగారు” అని పిలిచేవారు. ఆ సంగతి తెలిసి కూడా అతను మురిసిపోయేవాడు. అదీ అతని తెలివి.

“నేను నూటయాభై ఏళ్ళు ఆలస్యంగా పుట్టాను,” అనేవాడు రోజూ. “ఇప్పటివాళ్ళకి నడుమా, నడకా? రబ్బరు జోళ్ళేసుకుని వీధుల్లో చప్పుడు లేకుండా దొంగల్లా తిరుగుతారు. ఆ రోజుల్లో ఆడది గదిలోకి వస్తే ముందు పట్టు శబ్దం వచ్చేది. తర్వాత సుగంధం వచ్చేది. ఆ తర్వాత మనిషి వచ్చేది.”

“అంతసేపూ మనలాంటివాళ్ళం తలుపు పట్టుకుని నిలబడాలి కాబోలు,” అనేది బెర్తిల్.

బెర్తిల్ మా దుస్తుల గది పెద్ద. భారీ మనిషి, నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు. అవి ఉండగానే తిట్టగలదు.

“నీకు అర్థం కాదులే, బెర్తిల్. వాళ్ళు అందం కోసం ప్రాణాలిచ్చారు.”

“ఇవ్వమని అడిగిందెవరో కూడా చెప్పండి, మార్కీగారూ.”

గతమంటే పడి చచ్చే మనిషే. కానీ పళ్ళు మాత్రం ఈ కాలపు డాక్టరు దగ్గరే కట్టించుకున్నాడు. చలికాలం గదిలో హీటరు కాస్త తగ్గితే ఊరుకునేవాడు కాదు. పాత రోజుల్లోకి వెళ్ళాలని కలలు కనేవాళ్ళందరూ ఇంతే! వెళ్తే నేరుగా రాజుగారి విందుకే వెళ్తామనుకుంటారు. ఆ విందు తాలూకు అంట్లు తోమడానికి వెళ్తానని ఒక్కడూ కలగనడు.

ఆ ఏడు శీతాకాలం తిబో కల పండింది. డబ్బున్న పెద్దలు కొందరు కలిసి మార్తినేలో ఒక్క రాత్రికి పాతకాలపు బాలే నాట్యం పెట్టించారు. పాత సంగీతం, పాత అడుగులు, పాత దుస్తులు. చూసేవాళ్ళు కూడా పాత వేషాల్లోనే రావాలి. అన్నిటికీ మించి, వేదిక అంచున కరెంటు దీపాల బదులు నిజం కొవ్వొత్తులు, వరసగా, మంటతో.

ఆ మంట దగ్గరే చిక్కొచ్చింది.

మా థియేటర్లలో ప్రతి ఆటకీ ఫైర్‌మన్ ఒకడు వేదిక పక్కన కూర్చుంటాడు. ఆ రోజులకి వచ్చినవాడు సార్జంట్ గాల్. మాట తక్కువ మనిషి. కొవ్వొత్తులకి ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. వేదిక అంచున ఆడే పిల్ల గౌనుకి మంటని ఆపే మందు పట్టించాలి. ఉప్పులూ పటికా కలిపిన నీళ్ళలో ముంచి ఆరేయాలి. అలా చేస్తే నిప్పు తగిలినా గుడ్డ నల్లబడి ఆగిపోతుంది, అంటుకోదు.

ముంచారు. ఆరేశారు. అంత పల్చటి మస్లినూ గంజి పెట్టిన దుప్పటిలా బిగుసుకుపోయింది. తెలుపు పోయి, అంట్లు కడిగిన నీళ్ళ రంగు తేలింది.

దాన్ని చూసి తిబోకి నిజంగానే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఏ మనిషి కష్టానికీ రాని నీళ్ళు.

“ఇది గౌనా? గోనెసంచి!”

“కాలదు కదా,” అన్నాడు సార్జంటు. ఒక పీలిక కత్తిరించి, లైటరు వెలిగించి చూపించాడు. నల్లబడింది, ఆరిపోయింది. “ఇది వేసుకుంటే ఆట ఉంటుంది. లేకపోతే కొవ్వొత్తులు ఉండవు.”

తిబో తలూపాడు. చాలా మర్యాదగా ఊపాడు. ఆ సాయంత్రమే వేరే చోట, ఎవరికీ తెలియకుండా, అచ్చం అలాంటిదే ఇంకో గౌను కుట్టించాడు. పటికా లేదు, మందూ లేదు. పాల మీగడలా తెల్లగా, ఊపిరి తగిలితే లేచేంత తేలిగ్గా ఉంది. మాసినది సార్జంటుకి చూపించడానికి. తెల్లది ఆడడానికి. ఒకసారి తెర లేచాక వేదిక మీదకొచ్చి గౌను లాక్కునే ఫైర్‌మన్ ఎవడున్నాడు?

వేసుకోవలసిన పిల్ల పేరు నోయెమీ. పందొమ్మిదేళ్ళది. లిమోజ్ అనే ఊరి నుంచి వచ్చింది. ఒంటరిగా వేదిక మీద నిలబడడం ఆమెకి అదే మొదటిసారి. ఆట రోజు మధ్యాహ్నం తిబో ఆమెని పక్కకి పిలిచి తెల్లది చూపించాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. చేత్తో తాకబోయి ఆగింది.

“దీనికీ మందు పట్టించారు కదండీ?”

“పట్టించకుండా ఇస్తానా, పిచ్చి పిల్లా? కొత్త రకం మందు. కనబడదు.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! గుటక కూడా వేయలేదు.

“అయితే బెర్తిల్‌గారికి...”

“బెర్తిల్‌కి చెప్పకు. ఆవిడకి పాతదే గొప్ప. తెర లేచే ముందు నేనే తెచ్చి తొడిగిస్తాను.”

రాత్రయింది. బయట వాన. పెద్దలు వేషాలేసుకుని టాక్సీలు దిగుతున్నారు. పైన కుట్టుగదులు ఖాళీ అయ్యాయి, అందరూ కిందకెళ్ళారు. తిబో మాసిన గౌనుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తెల్లదాన్ని చేతి మీద పరుచుకున్నాడు. గదిలో అద్దం చూసి మీసం సవరించుకున్నాడు. మెట్ల వైపు నడిచాడు.

మెట్ల మొదట్లో బెర్తిల్ ఎదురైంది. మరిచిపోయిన కత్తెర కోసం పైకొస్తోంది. తిబో గౌనుని పై కోటు కింద దాచాడు.

“ఒక్కరే దిగుతున్నారా?” అంది ఆయాసంతో. “మలుపు దగ్గర ఆ మాట అనండి.”

“ఏ మాట?”

“తెలియనట్టు అడక్కండి.”

“బెర్తిల్, మీ పనివాళ్ళ చాదస్తాలు నాకు చెప్పకు. అందమైన అద్దం అది. దాని ముందు మాసిందే, మాసిందే అని గొణగడమేమిటి? ఆ కాలపు ఆడపిల్లలు వింటే నవ్విపోతారు.”

“నవ్వితే మంచిదే,” అంది ఆమె గుండుసూదుల మధ్యనుంచి. పైకెళ్ళిపోయింది.

తిబో దిగాడు. కర్ర టకటకలాడింది. అద్దం మలుపు దగ్గర కావాలనే ఆగాడు. కోటు కింద నుంచి గౌను తీసి మళ్ళీ చేతి మీద పరుచుకుని, తల పైకెత్తి, నిండుగా చూసుకున్నాడు. అనలేదు.

పైన బల్బు ఒక్కసారి తగ్గింది.

మళ్ళీ వెలిగింది... కానీ తెల్లగా కాదు, పసుపుపచ్చగా. దానితోపాటు ఒక చప్పుడు మొదలైంది. స్స్... మని, సన్నగా, ఆగకుండా. తిబో తలెత్తి చూశాడు. బల్బు ఉండాల్సిన చోట, ఇనుప తీగల బుట్టలో, గ్యాసు మంట.

అతను భయపడ్డాడనుకుంటున్నారా? లేదు. పొంగిపోయాడు!

“పిలిచారు,” అనుకున్నాడు. “చివరికి నన్ను పిలిచారు.”

మలుపులో ఎప్పుడూ గోడ ఉండే చోట తలుపు తెరిచి ఉంది. లోపల నుంచి నవ్వులు, వయొలిన్ శృతి చేస్తున్న చప్పుడు. తిబో కాలరు సర్దుకున్నాడు. ఛాతీ విరుచుకుని, విందుకి వెళ్ళే మార్కీలా, లోపలికి అడుగుపెట్టాడు.

ముందు పట్టు శబ్దం రాలేదు. వాసన వచ్చింది.

గ్యాసు, చెమట, ఉతకని ఊలు, తలనూనె, వెల్లుల్లి సాసేజీ. అన్నీ కలిసి ముక్కు మీద గుద్దినంత పనైంది. కిటికీ లేని గది. అందులో ఇరవైమంది పిల్లలు. అవును, పిల్లలే. తిబో గోడకి తగిలించుకున్న పాత బొమ్మల్లో వాళ్ళు దేవకన్యలు. ఇక్కడ మేజోళ్ళకి మోకాళ్ళ దగ్గర మాసికలు. ఒకతె నేల మీద కూర్చుని రొట్టె నములుతూనే చిరిగిన జోడు కుట్టుకుంటోంది. ఇంకొకతె మోచేతిలోకి దగ్గి, అందులో ఏం పడిందో చూసుకుని, ఎవరూ చూడకుండా మడిచేసింది.

వాళ్ళ మధ్య నల్లకోట్ల పెద్దమనుషులు. ముసలివాళ్ళు. ఏడాదికి టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళకి తెర వెనక్కి వచ్చే హక్కు ఉండేది. సంతలో గేదెల్ని చూసినట్టు చూస్తూ తిరుగుతున్నారు. ఒకాయన చేతికర్రతో ఒక పిల్ల గడ్డం పైకెత్తి, పళ్ళు చూశాడు.

తిబో నవ్వు ముఖం మీద అలాగే ఉంది. తీసేయడం మరిచిపోయాడంతే.

నడుం... అతను అన్నిసార్లు పొగిడిన నడుం. గోడ పక్కన ఒక పిల్లకి ఆయా నడుముకట్టు తాడు బిగిస్తోంది, వీపు మీద మోకాలు ఆనించి. ఆ పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. లోపల ఎక్కడో ఎముక చిన్నగా టిక్కుమంది. “ఇంకొంచెం,” అంది ఆయా. ఇంకో మూల ఒకతె ఆకుపచ్చ ఆకుల కిరీటాలు విడదీస్తోంది. ఆ పచ్చదనం ఇప్పుడెక్కడ దొరుకుతుందని తిబో వాపోని రోజు లేదు. పాషాణం కలిపిన ఆ రంగుకి ఆమె వేళ్ళ మధ్య పుళ్ళు, పచ్చగా.

పట్టు గౌను వేసుకున్న దొరసాని ఒకావిడ లోపలికి రాబోయి తలుపులో ఇరుక్కుంది. గౌను కింద ఇనుప చట్రం అంత వెడల్పు మరి. ఇద్దరు పనివాళ్ళు ఆవిడని పక్కకి వంచి, బీరువాని దాటించినట్టు దాటించారు. ఆవిడ అంతసేపూ చిరునవ్వు చెదరనివ్వలేదు.

“ఏయ్, దర్జీ!”

తిబో వెనక్కి తిరిగాడు. ఎవరిని పిలిచారో చూద్దామని.

“నిన్నే. చేతిలో బట్ట పట్టుకుని దారికడ్డంగా నిలబడ్డావేం? జరుగు!” గుండ్రటి పొట్ట మీద బంగారు గొలుసు ఉన్న బారన్ దొర ఒకడు కర్రతో అతని భుజాన్ని పక్కకి తోశాడు. “ఆ కాలరేమిట్రా? మా వంటవాడు కూడా ఇంతకంటే మంచిది కడతాడు.”

చుట్టూ నవ్వారు. తిబో జరిగాడు. ఏం చేస్తాడు? మార్కీలు అక్కడ ముందే సరిపడా ఉన్నారు. ఖాళీ ఉన్నది దర్జీ ఉద్యోగమే.

జరిగి జరిగి అద్దం దగ్గరకొచ్చాడు. అదే అద్దం. ఇప్పుడు మచ్చలేకుండా మెరుస్తోంది. దాని ముందు ఒక పిల్ల నిలబడి ఉంది. పదిహేడు ఉంటాయేమో. ఒంటి మీద గౌను బిర్రుగా, మాసినట్టు, అంట్లు కడిగిన నీళ్ళ రంగులో...

తిబో చూడగానే గుర్తుపట్టాడు. పటిక నీళ్ళలో ముంచిన గౌను అది.

“ఏడవకు, ఫాన్షెట్. కళ్ళకాటుక కారుతుంది,” అంటోంది పక్కన కూర్చున్న తల్లి. ఊలు అల్లుతోంది. చూపు మాత్రం బారన్ మీద. “పై నుంచి హుకుం ఇచ్చినవాళ్ళు వాళ్ళ పెళ్ళాలకి కట్టబెట్టాల్సింది ఈ గోనెసంచి. ముందు వరసలో బారన్‌గారు కూర్చుంటారు. ఇవాళ ఆయన కంట్లో పడకపోతే మళ్ళీ వెనక వరసకే పోతావు, పస్తులకే పోతావు.”

“అంటుకోదమ్మా అది,” అంది ఒక గొంతు. తలుపు దగ్గర ముసలి ఫైర్‌మన్. ఒళ్ళో తడి కంబళి, పక్కన నీళ్ళ బకెట్టు. “వేదిక అంచున గ్యాసు మంటలు వరసగా ఉన్నాయి. మాసిందైతేనేం? తియ్యకు, తల్లీ.”

“నువ్వు నీ బకెట్టు చూసుకో!”

ఫాన్షెట్ అద్దంలోంచి చూసింది. చూపు తిబో ముఖం మీద కాదు, చేతి మీద ఆగింది. తెల్ల గౌను మీద. నోరు కొంచెం తెరుచుకుంది. మధ్యాహ్నం నోయెమీ ముఖం ఎలా వెలిగిందో... అలాగే వెలిగింది.

మెల్లగా తిరిగింది.

“మీరు బట్టలవారు కదండీ,” అంది గుసగుసగా. “మీకు తెలుస్తుంది. ఏది వేసుకోమంటారు?”

ముసలి ఫైర్‌మన్ కూడా అతని వైపే చూశాడు. “మీరైనా చెప్పండయ్యా. మీ మాటైతే వింటుంది.”

తిబోకి తెలుసు. తెలియకపోవడమేమిటి? ఆ కాలంలో ఇలాంటి పిల్లలు మాసిన రంగు నచ్చక పటిక గౌన్లు వద్దన్నారని, తర్వాత వాళ్ళకేమైందో అతను అందరికంటే ఎక్కువ చదివినవాడు. ‘అందం కోసం ప్రాణాలిచ్చారు’ అని ఉపన్యాసాలిచ్చి చప్పట్లు కొట్టించుకున్నవాడు. ఒక్క మాట. ఒకే ఒక్క మాట అంటే చాలు. మా పియానో మోసేవాడికి కూడా వచ్చిన మాట!

అతను ఆ పిల్లని చూశాడు. చేతి మీద తెలుపుని చూశాడు. గ్యాసు వెలుగులో ఆ తెలుపు... ఆ వెలుగులో అది కదిలితే ఎలా ఉంటుందో...

చూడాలనిపించింది. అంతే. ఇంకే కారణమూ లేదు.

“తెల్లది,” అన్నాడు తిబో.

ఫాన్షెట్ కిలకిలా నవ్వి గౌను లాక్కుని తెర చాటుకి పరుగెత్తింది. తల్లి గబగబా హుక్కులు పెట్టింది. బయటకొచ్చాక ఆ పిల్ల తను విప్పిన మాసిన గౌనుని అతని చేతి మీద పడేసింది. మునివేళ్ళ మీద లేచి చెంప మీద ముద్దు పెట్టింది.

“మీ మేలు మరిచిపోను,” అంది.

ముసలి ఫైర్‌మన్ కంబళిని బకెట్టులో ముంచి మళ్ళీ తడిపాడు.

ఆట మొదలని తెలిసేలా వేదిక మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టారు. తెర లేచింది.

తిబో అద్దం పక్కనుంచే వేదిక మీదకి చూశాడు. నిజం చెప్పాలి కదా... అందంగానే ఉంది. ఆ గుడ్డకి బరువే లేదు. పిల్ల ఆగినా అది ఆగలేదు, ఆమె చుట్టూ ఇంకో తిరుగు తిరిగి గాని దిగలేదు. తిబో కళ్ళు చెమర్చాయి. తను గీసింది. తన గౌను. ఇదిగో, ఇదే కదా తను...

ఆమె వేదిక అంచు దాకా వచ్చి వంగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. ఎవరో దుప్పటి దులిపినట్టు... ఒక్క విసురు. అంతే.

ఆమె పరుగెత్తింది. పరుగెత్తకూడదు. పరుగెత్తితే ఇంకా లేస్తుంది మంట. “ఆగు! కింద పడుకో!” అని అరుస్తూ ముసలి ఫైర్‌మన్ తడి కంబళితో వెంటపడ్డాడు. తివాచీ మీద అతని బూటు జారింది. కింద గుంటలో వాయిద్యాలవాళ్ళకి పైన ఏం జరుగుతోందో కనబడదు. వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. ముందు వరసలో బారన్, ఇంకా బాగా కనబడాలని, దుర్భిణి ఎత్తి కంటికి పెట్టుకున్నాడు.

ఆ మంట మెట్ల వైపు వచ్చింది. అద్దం వైపు వచ్చింది. తిబో వైపు...

“మీరు చెప్పారు...”

అతను కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి తల మీద బల్బు, తెల్లగా, చప్పుడు లేకుండా. ఎదురుగా మచ్చలు పడిన అద్దం. పక్కన గోడ. తలుపు లేదు. కింద నుంచి బెర్తిల్ అరుస్తోంది. ఆమె అతన్ని దాటి దిగింది ఎప్పుడో అతనికి తెలియదు.

“మార్కీగారూ! గౌను ఏదీ? పిల్ల లోపావడాతో వణికిపోతోంది!”

తిబో దిగాడు. కర్ర ఎక్కడ పడిపోయిందో తెలియదు.  వేదిక పక్కన చీకట్లో నోయెమీ భుజాల మీద శాలువాతో నిలబడి ఉంది. సార్జంట్ గాల్ తన కుర్చీలో ఉన్నాడు. తెర కింద నుంచి వేదిక అంచున కొవ్వొత్తుల వరస కనబడుతోంది. అన్నీ వెలిగించేశారు.

నోయెమీ అతని చేతి వైపు చూసింది. ముఖం వాడిపోయింది.

“ఇదేంటండీ? మీరు చూపించింది...” గొంతు తగ్గించింది. “తెల్లది పైనే ఉండిపోయిందా? పరుగెత్తుకెళ్ళి తెచ్చుకుంటాను. ఏది వేసుకోమంటారు?”

తిబో అప్పుడు చూసుకున్నాడు తన చేతిని. దాని మీద ఉన్న గౌను బిర్రుగా, మాసినట్టు ఉంది.

దాన్ని నోయెమీ ముందుకి చాచాడు.  

“మాసిందే,” అన్నాడు. “మాసిందే వేసుకో, బంగారం.”

బెర్తిల్ విరగబడి నవ్వింది. “ఇన్నాళ్ళకి నోరు తిరిగింది మా మార్కీగారికి! అద్దం ముందు అనవలసింది ఇక్కడంటున్నారు.” నవ్వుతూనే అతని ముఖం చూసింది. నవ్వు ఆపేసింది. గౌను తీసుకుని పిల్లకి తొడిగింది.

ఆట మొదలైంది. నోయెమీ బాగా ఆడింది. గౌను మాత్రం బాగా ఆడలేదు. చెప్పులో రాయి పడ్డట్టు ప్రతి మలుపులోనూ మొరాయించింది. ముందు వరసలో అద్దెకి తెచ్చిన టోపీల కింద నుంచి పెద్దలు పెదవి విరిచారు. “ఆ కాలపు సొగసు ఇదేనా?” అని ఒకావిడ పైకే అనేసింది.

చివరికి నోయెమీ వేదిక అంచు దాకా వచ్చి వంగింది. గౌను అంచు తగిలి ఒక కొవ్వొత్తి ఒరిగింది. సూటిగా కుచ్చుల్లోకి.

సార్జంటు లేచేశాడు. తిబో లేవలేదు. నేల మీద కూలబడి, చెవులు మూసుకుని, “పరుగెత్తకు, పరుగెత్తకు” అని గొణుగుతున్నాడు.

కుచ్చు నల్లబడింది. అరచేయంత మేర. పొగ లేచింది. ఆరిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు మహానుభావులు.

ఆట అయ్యాక బెర్తిల్ నోయెమీ వీపు దగ్గర హుక్కులు తీస్తూ తీస్తూ ఆగింది. కుట్టుని దీపం దగ్గరకి పెట్టి చూసింది. గోటితో గీకింది.

“తిబోగారూ...” మార్కీ అనలేదు ఈసారి. “ఇది చేతి కుట్టు. మొత్తం. మన గదిలో ఇలా ఎవరు కుడతారు? నేను కుట్టించింది మిషను మీద.”

అతను జేబులోంచి తీసి బీరువా తాళంచెవి ఇచ్చాడు. బెర్తిల్ పైకెళ్ళి బీరువా తీసింది. మిషను కుట్టుది, మందు పట్టించినది, మడతపెట్టినట్టే ఉంది అందులో. తెల్లది ఎక్కడా లేదు. థియేటరంతా వెతికినా దొరకలేదు.

మెట్లు దిగి వచ్చి తిబో ముఖంలోకి చూసింది. “తెల్లది కూడా కుట్టించారటగా. పిల్ల చెప్పింది. ఎవరికిచ్చారు?” అంది.



తర్వాత తిబో ఆ కాలరు కట్టడం మానేశాడు. గడియారం గొలుసూ పోయింది. మంచి రబ్బరు జోళ్ళు కొనుక్కున్నాడు. పాత రోజుల గురించి ఎవరైనా ఎత్తితే పని ఉందని లేచిపోయేవాడు. అద్దం మలుపు ఒంటరిగా దిగవలసి రాకుండా చాలాకాలం జాగ్రత్తపడ్డాడు కూడా. ఎవరో ఒకరు తోడు ఉండాల్సిందే. మా వాళ్ళు దానికీ నవ్వుకునేవారు.

వసంతం వచ్చాక ఒక సాయంత్రం తప్పలేదు. కింద తెర లేవబోతోంది, పైన తనొక్కడే మిగిలాడు. రెయిలింగు పట్టుకుని దిగాడు. తల వంచుకున్నాడు. అద్దం వైపు తిరగలేదు. మలుపు ఇంకా రాకముందే, పైమెట్టు మీదే, స్పష్టంగా అన్నాడు.

“మాసిందే వేసుకో, బంగారం.”

ఏ చప్పుడూ లేదు. బల్బు తగ్గలేదు. ఒక మెట్టు... ఇంకో మెట్టు. అద్దం దాటాడు. బిగపట్టిన ఊపిరి వదిలాడు.

అప్పుడు, చెవి పక్కనే... కోపం లేదు ఆ గొంతులో. చాలాకాలంగా తెలుసుకోవాలనుకున్న సంగతి అడిగినట్టు, అంతే —

“మరి ఆ రోజు తెల్లదన్నారేం?”